తలుపు ఎటు తెరుచుకుంటుంది?



మా చిన్నతనంలో మా ఊరి కాలువగట్టు మీద ఒక పాత జీపు తిరుగుతూ ఉండేది. మిలిటరీ వారు వేలం వేయగా ఎన్నో చేతులు మారి మా ఊరు చేరిన బండి అది. వెనుక రేకు మీద తెల్లరంగుతో 'లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్' అని రాసి ఉండేది. స్టీరింగు ఎడమపక్కన ఉండడంచేత, ముందు వెళుతున్న గడ్డి ట్రాక్టరును దాటాలంటే ఎదురుగా ఏమి వస్తున్నదో డ్రైవరుకు కనబడేది కాదు. కుడిపక్కన కూర్చున్న క్లీనరు కుర్రవాడు తల బయటపెట్టి చూసి "పోనీ, పోనీ" అని కేకవేస్తేనే బండి ముందుకు దూకేది. ఆ బండిని నడిపేది డ్రైవరు చేతులు కాదు, క్లీనరు కళ్ళు అని మా నాన్నగారు నవ్వుతూ అనేవారు.

ముప్పై ఏళ్ళకు పైగా మరచిపోయిన ఆ జీపు 2023 అక్టోబరులో కెనడా దేశపు కొండల్లో నాకు మళ్ళీ గుర్తుకు వచ్చింది. అది ఎలా జరిగిందో మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కొండదారిలో

మా తమ్ముడు బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో కామ్‌లూప్స్ అనే ఊళ్ళో కుటుంబంతో ఉంటున్నాడు. భార్య, ఎనిమిదేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు. వాంకూవర్ విమానాశ్రయానికి తానే వచ్చి నన్ను తీసుకువెళ్ళాడు. అక్కడినుంచి వారి ఊరు సుమారు 350 కిలోమీటర్లు. మొదటి సగం దూరం ఫ్రేజర్ నది లోయలో చదునుగా సాగిపోతుంది. రెండు పక్కలా పాడి పశువుల దొడ్లు, బ్లూబెర్రీ తోటలు. మన డెల్టా చూసిన కళ్ళకు పరాయి నేల అనిపించదు. హోప్ అనే చిన్న ఊరు దాటగానే మాత్రం కొండలు దగ్గరకు వచ్చేస్తాయి. కొక్విహల్లా రహదారి అక్కడ మొదలవుతుంది.

ఈ రహదారిలో హోప్ నుంచి మెరిట్ వరకు ఉన్న భాగాన్ని 1986లో తెరిచారు. కనుమ శిఖరం ఎత్తు 1,244 మీటర్లు. అంతకు ముందు అదే లోయలో కెటిల్ వ్యాలీ రైలు నడిచేది. ఆ రైలుమార్గం వేసిన ఇంజనీరు ఆండ్రూ మెక్‌కలక్‌కు షేక్స్‌పియర్ నాటకాలంటే ఇష్టమట. స్టేషన్లకు ఒథెల్లో, లియర్, జెస్సికా, పోర్షియా, ఇయాగో, రోమియో, జూలియట్ అని పేర్లు పెట్టాడు. రైలు పోయింది, పట్టాలు పోయాయి, పేర్లు మాత్రం దారిపక్క బోర్డుల మీద మిగిలాయి.

"అన్నయ్యా, 2021 నవంబరులో ఈ దారి కొట్టుకుపోయింది" అని చెప్పాడు తమ్ముడు. నవంబరు మధ్యలో రెండు రోజులపాటు కురిసిన కుండపోత వర్షానికి వంతెనలు కూలి, రోడ్డు అనేకచోట్ల ఏటిలో కలిసిపోయిందట. సరుకు లారీలను డిసెంబరు 20న, మిగిలిన బండ్లను జనవరిలో మళ్ళీ వదిలారు. ఆ రోజుల్లో కామ్‌లూప్స్ దుకాణాల్లో పాలు, కోడిగుడ్లు కూడా కరువయ్యాయని చెప్పాడు. తుపానుకు గండ్లు పడిన రోడ్లు మనకు తెలియనివి కావు. ఆ మాట వింటుంటే దివిసీమ పెద్దలు 1977 ఉప్పెన గురించి చెప్పే మాటలు గుర్తుకు వచ్చాయి.

దారిపక్క ఒక బోర్డు చూపించాడు. అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 30 వరకు ఈ కొండదారిలో చలికాలపు టైర్లు లేనిదే వెళ్ళకూడదు. టైరు మీద కొండబొమ్మ మధ్య మంచుపువ్వు గుర్తు గాని, మట్టి-మంచు అని తెలిపే అక్షరాలు గాని ఉండాలి. గాళ్ళ లోతు కనీసం 3.5 మిల్లీమీటర్లు ఉండాలి. అక్కడ అది సలహా కాదు, చట్టం.

నదులు కలిసే ఊరు

కామ్‌లూప్స్ అనే మాట అక్కడి ఆదివాసులైన సెక్వెప్మెక్ ప్రజల భాషలోనిది. నదులు కలిసే చోటు అని దాని అర్థం. ఉత్తర థామ్సన్, దక్షిణ థామ్సన్ అనే రెండు నదులు ఊరి నడుమ కలుస్తాయి. చుట్టూ పచ్చని అడవి ఉంటుందని ఊహించుకొని వెళ్ళిన నాకు, ఎండిన గడ్డితో గోధుమరంగులో ఉన్న బోడికొండలు ఆశ్చర్యం కలిగించాయి. వానలు తక్కువ. ఎండాకాలం మన కోస్తావలెనే మండిపోతుంది. చలికాలం మంచు పడుతుంది.

ఊరు కొండవాలు మీదికి పాకింది. మా తమ్ముడి ఇల్లు ఆ వాలులో పైన ఉంది. అతడు దూరాన ఉన్న రాగి గనిలో పని చేస్తాడు. ఇంట్లో ఉన్న ఒక్క చిన్న కారు తెల్లవారుజామునే అతడితో వెళ్ళిపోతుంది. మా మరదలు వృద్ధుల సంరక్షణ గృహంలో ఉద్యోగం చేస్తుంది. పిల్లలను ఒకరిని బడికి, ఒకరిని శిశుపాఠశాలకు చేర్చి, ఆమె పనికి వెళ్ళాలి. బస్సు ఉన్నది గాని రెండు చోట్ల దింపి సమయానికి చేరుకోవడం కష్టం. గడచిన చలికాలంలో ఒక ఉదయం చిన్న కారు ఆ వాలు మీద గాజుపలకవలె గడ్డకట్టిన మంచులో అడ్డంగా జారి, పక్కింటివారి చెత్తడబ్బాలను తాకి ఆగిందట. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాని ఆనాటి నుంచి ఇంట్లో నాలుగు చక్రాలూ లాగే బండి కొనాలన్న మాట మొదలైంది.

కొత్తది కొనే స్తోమతు లేదు. పాతది చూడాలి. మా తమ్ముడి మనసు అప్పటికే ఒక బండి మీద పడింది. దాని పేరు మిత్సుబిషి డెలికా.

జపాను విడిచి వచ్చే బండ్లు

జపాను దేశంలో మనవలెనే రోడ్డుకు ఎడమపక్క నడుస్తారు. బండ్లకు స్టీరింగు కుడిపక్కన ఉంటుంది. అక్కడ కొత్త కారుకు మూడేళ్ళకు, ఆ తరువాత ప్రతి రెండేళ్ళకు ప్రభుత్వ తనిఖీ తప్పదు. అది ఖర్చుతో కూడిన పని. పెట్రోలు కారుకు 13 ఏళ్ళు, డీజిలు కారుకు 11 ఏళ్ళు దాటితే పన్ను పెరుగుతుంది. పైగా టోక్యో, ఒసాకా వంటి మహానగరాల ప్రాంతాల్లో పాత డీజిలు బండ్లకు రిజిస్ట్రేషను కొనసాగించని చట్టం 2000 తరువాతి సంవత్సరాల్లో అమలులోకి వచ్చింది. అందుచేత ఇంకా ఎంతో ఆయుష్షు ఉన్న బండ్లు కూడా వేలంపాటలకు వచ్చి, ఓడలెక్కి, పరదేశాలకు చేరుకుంటాయి.

కెనడా చట్టం ప్రకారం తయారై 15 సంవత్సరాలు నిండిన బండికి ఆ దేశపు భద్రతా ప్రమాణాల నిబంధన వర్తించదు. తెచ్చుకొని, తనిఖీ చేయించుకొని రిజిస్టరు చేయించుకోవచ్చు. అమెరికాలో అయితే 25 ఏళ్ళు నిండాలి. ఈ తేడావల్ల బ్రిటిష్ కొలంబియాలో కుడి స్టీరింగు జపాను బండ్లు చాలా కనబడతాయి. క్యూబెక్ రాష్ట్రం మాత్రం 25 ఏళ్ళలోపు కుడి స్టీరింగు బండ్లను రిజిస్టరు చేయడం మానివేసింది.

డెలికా చూడముచ్చటైన బండి. వ్యానువలె ఏడెనిమిది మందికి చోటు ఉంటుంది. కింద మాత్రం పజేరో జీపు వంటి నాలుగు చక్రాల ఏర్పాటు. మన రాష్ట్రంలో ఒకప్పుడు నాయకుల కాన్వాయిల్లో తిరిగిన పజేరోను మీలో చాలామంది చూసే ఉంటారు. దాని అన్నదమ్ములలో ఒకటి ఇది. 1986లో వచ్చిన నమూనాలో డ్రైవరు ముందుచక్రాల మీదనే కూర్చుంటాడు, ఇంజను సీటు కింద ఉంటుంది. 1994లో వచ్చిన స్పేస్ గేర్ అనే నమూనాకు ముందుభాగం కొంత పొడవుగా ఉంటుంది. మా తమ్ముడు చూసినది 1997లో తయారైన స్పేస్ గేర్, 2.8 లీటర్ల టర్బో డీజిలు ఇంజను.

"కుడిపక్కన స్టీరింగు, అన్నయ్యా! మన ఊళ్ళో నడిపినట్టే ఉంటుంది" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు వాడి ముఖంలో వెలుగు చూశాను. పన్నెండేళ్ళుగా పరాయిదేశంలో ఉన్నవాడికి కుడిపక్క స్టీరింగు కూడా పుట్టిల్లే కదా!

మెరిట్‌లో ఒక శనివారం

ఆ శనివారం అందరం కలిసి మెరిట్‌కు వెళ్ళాం. అమ్మేవారు ఒక పెద్దాయన, మర్యాదస్తుడు. బండిని ఇంటిముందు పెట్టి, ఇంజను స్టార్టు చేయకుండా చల్లగానే ఉంచాడు. అది చూడగానే ఆయన మీద గౌరవం కలిగింది. సంతలో ఎద్దును అమ్మేవాడు ముందే పరుగెత్తించి చెమటపట్టించి తెస్తే అనుమానించాలని మన రైతులకు తెలుసు. పాత డీజిలు బండి కూడా అంతే. చల్లటి ఇంజను ఎలా అందుకుంటుందో, ఎంత పొగ వదులుతుందో చూడాలి.

బండి మొదటి తాళానికే అందుకుంది. తమ్ముడు నడిపాడు. నేను ముందు ఎడమ సీటులో కూర్చున్నాను. మరదలు, పిల్లలు మధ్య వరుసలో. నికోలా సరస్సు పక్కగా పోయే పాత రోడ్డు ఎక్కాం. రెండే వరుసల రోడ్డు. ఎడమవైపు నీలంగా సరస్సు, కుడివైపు పశువులు మేసే కొండలు. తమ్ముడు చిన్నపిల్లవాడివలె సంతోషించాడు.

కొంతదూరం వెళ్ళేసరికి ముందు ఒక దుంగల లారీ అడ్డం వచ్చింది. అది నెమ్మదిగా ఎగువకు ఎక్కుతోంది. కెనడాలో రోడ్డుకు కుడిపక్క నడవాలి గనుక దాటవలసింది ఎడమవైపునుంచి. తమ్ముడు కూర్చున్నది కుడిపక్కన. లారీ వెనుకభాగం తప్ప వాడికి ఏమీ కనబడదు.

"అన్నయ్యా, ఖాళీయేనా?" అని అడిగాడు.

నేను అద్దం దించి తల బయటపెట్టాను. చల్లగాలి ముఖానికి కొట్టింది. ఎదురుగా ఒక కారు వస్తోంది. "వద్దు, ఆగు" అన్నాను. అప్పుడు గుర్తుకు వచ్చింది మా ఊరి జీపు. ఆ క్లీనరు కుర్రవాడి ఉద్యోగం నలభై దాటిన తరువాత నాకు దొరికింది! నవ్వు వచ్చింది, ఆ కథ వారికి చెప్పాను. తమ్ముడు కూడా నవ్వాడు.

వెనుకనుంచి మరదలు నవ్వలేదు. మెల్లగా అడిగింది: "బావగారూ, మీరు వచ్చే నెల వెళ్ళిపోతారు. ఆయన గనికి వెళతారు. రోజూ నా పక్కన ఎవరు కూర్చుంటారు?"

ఎవరం జవాబు చెప్పలేకపోయాం.

తిరిగి మెరిట్ చేరాక పాప దాహమంది. ఒక దుకాణం ముందు రోడ్డుపక్కగా బండి ఆపాడు తమ్ముడు. నేను ముందుగా దిగి, మధ్య వరుస తలుపు జరిపి తీశాను. బాబును కూడా నేనే బెల్టు విప్పి దింపాను. వాడు నా చేయి అందుకోకుండా కిందికి దూకాడు. ఆ మరుక్షణం హారను మోత. ఒక ట్రక్కు మా పక్కనుంచి గాలి కొట్టినట్టు దూసుకుపోయింది. వాడి స్వెట్టరు మెడపట్టీ నా పిడికిట్లో ఉంది. ఎప్పుడు పట్టుకున్నానో నాకు తెలియదు.

దేవుని కృపవల్ల ఏమీ జరగలేదు. కాని కొంతసేపు నా కాళ్ళు వణికాయి. ఏమి జరిగిందో అప్పుడు అర్థమైంది. ఆ బండికి మధ్యలో జరిపే తలుపు ఒక్కటే. అది ఎడమపక్కన ఉంది. జపానులో, మన దేశంలో ఎడమపక్క అంటే రోడ్డు అంచు. పిల్లలు దిగడానికి భద్రమైన వైపు. కెనడాలో ఎడమపక్క అంటే నడిరోడ్డు. నలభై ఏళ్ళుగా ఎడమ తలుపే మంచిదని నేర్చుకున్న నా చెయ్యి, ఆలోచించకుండా నడిరోడ్డు మీదికి తలుపు తీసింది. ఆ పసివాణ్ణి ట్రక్కు ముందుకు దింపింది పరాయివాడు కాదు, వాడి పెదనాన్ననే.

బండి తిరిగి అప్పగించేటప్పుడు ఆ పెద్దాయనకు జరిగినది చెప్పాం. ఆయన దాచుకోలేదు. "మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. పిల్లలను వీధిలో ఎన్నడూ దింపం. ఆవరణలోకో, పార్కింగు స్థలంలోకో తీసుకువెళ్ళి ఆపుతాం. పెద్దవాళ్ళు దిగి చుట్టూ తిరిగి వచ్చి తలుపు తీస్తారు. ఆరేళ్ళుగా ఈ బండితో సరస్సులకు, అడవులకు వెళుతున్నాం, ఎక్కడా ఆగిపోలేదు. కాని రోజూ బడికి మా కోడలి కారే వెళుతుంది" అన్నాడు. అమ్మేవాడు అంత నిజం చెప్పడం అరుదు. ఆయనకు కృతజ్ఞత చెప్పి వచ్చాం.

ఆ రాత్రి వేసిన లెక్కలు

పిల్లలు నిద్రపోయాక ముగ్గురం వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. తమ్ముడు కాగితం తీసి మధ్యలో గీత గీశాడు. ఒకవైపు మంచి, ఒకవైపు చెడు. తెలుసుకున్న సంగతులన్నీ అక్కడ రాశాం. మీలో ఎవరైనా పాత బండి కొనదలిస్తే పనికి వస్తాయని ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటిది, చూపు. బ్రిటిష్ కొలంబియాలో బండ్ల బీమా చూసే ప్రభుత్వ సంస్థ 2007లో జరిపిన పరిశీలనలో, కుడి స్టీరింగు బండ్లు నడిపేవారి తప్పువల్ల జరిగే ప్రమాదాలు ఎక్కువని తేలింది. దాటేటప్పుడు, ఎడమకు మలుపు తిరిగేటప్పుడు ఎదురు రోడ్డు కనబడకపోవడమే ఇబ్బంది. ఒకటి రెండు రోజుల్లో చేతికి అలవాటైనా, కంటి చాటు మాత్రం బండి ఉన్నంతకాలం ఉంటుంది.

రెండవది, దీపాలు. ఎడమపక్క నడిచే దేశాల బండ్ల హెడ్‌లైట్లు రోడ్డు ఎడమ అంచు కనబడేటట్లు ఎడమవైపుకు వెలుతురు వేస్తాయి. కుడిపక్క నడిచే దేశంలో అదే వెలుతురు ఎదుటివారి కళ్ళలో పడుతుంది. అందుచేత దీపాలు మార్చాలి.

మూడవది, పిల్లల సీటు. బ్రిటిష్ కొలంబియాలో 18 కిలోలు వచ్చేవరకు పిల్లలను పట్టీలున్న సీటులోనే కూర్చోబెట్టాలి. ఆ తరువాత తొమ్మిదేళ్ళు నిండేదాకా గాని, 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా గాని ఎత్తు సీటు వాడాలి. ముందుకు తిరిగి ఉండే పిల్లల సీటుకు వీపు పైనుంచి ఒక పట్టీ వస్తుంది. దానిని బండిలోని ఇనుప కొక్కేనికి తప్పక తగిలించాలి. గుద్దుకున్నప్పుడు పసివాడి తల ముందుకు విసిరికొట్టుకోకుండా ఆపేది ఆ పట్టీయే. మేము చూసిన బండిలో ఆ కొక్కెం కోసం సీట్ల వెనుక, కింద చేత్తో తడిమి వెదికాం. లేదు. మా బాబు బరువు 16 కిలోలు.

నాల్గవది, విడిభాగాలు. స్పేస్ గేర్‌ను కంపెనీవారు కెనడాలో ఎన్నడూ అమ్మలేదు. చిన్న భాగం పోయినా తెప్పించేవారి దగ్గర ఆర్డరు పెట్టి ఎదురు చూడాలి. విహారానికి వాడే బండి పది రోజులు షెడ్డులో ఉంటే ఫరవాలేదు. రోజూ బడికి, పనికి వెళ్ళవలసిన బండి అలా ఉంటే ఇల్లు ఆగిపోతుంది.

అయిదవది, ఇంజను ఆరోగ్యం. ఆ తరం డీజిలు ఇంజన్లు బాగా వేడెక్కితే సిలిండరు హెడ్డు పగిలే ప్రమాదం ఉంది. రేడియేటరు, గొట్టాలు, నీళ్ళ రంగు చూడాలి. 2.5 లీటర్ల ఇంజనుకు టైమింగు బెల్టు ఉంటుంది, అది ఎప్పుడు మార్చారో రసీదు అడగాలి. 2.8 లీటర్లదానికి గొలుసు. చలి బాగా ఎక్కువైతే మామూలు డీజిలు పేరుకుపోతుంది. అక్కడ చలికాలానికి వేరే డీజిలు అమ్ముతారు. రాత్రి ఇంజనును వెచ్చగా ఉంచడానికి కరెంటు తీగ తగిలించే హీటరు కూడా అమర్చుకుంటారు.

ఆరవది, తుప్పు. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. సముద్రపు గాలికి మన రేవు ఊళ్ళలో కిటికీ చువ్వలు ఎలా తినివేయబడతాయో అలా బండి అడుగుభాగం తినివేయబడుతుంది. పైరంగు చూసి మోసపోకూడదు. బండిని పైకి ఎత్తించి, చాసిస్ దూలాలు, బ్రేకు గొట్టాలు, డీజిలు ట్యాంకు మెడ చూడాలి. స్క్రూడ్రైవరుతో పొడిచి చూస్తే కుళ్ళిన చోట లోపలికి దిగిపోతుంది.

ఏడవది, అందరూ మరచిపోయేది. నాలుగు చక్రాలు లాగడం బండిని కదిలించడానికే గాని, ఆపడానికి కాదు. మంచుమీద బండిని ఆపేవి టైర్లు. మంచి చలికాలపు టైర్లున్న చిన్న కారు, అరిగిన టైర్లున్న పెద్ద జీపుకంటె త్వరగా ఆగుతుంది. అంతేకాదు, నాలుగు టైర్లూ ఒకే కొలతవి, ఒకేలా అరిగినవి కాకపోతే గేర్ల పెట్టె పాడవుతుంది. పాతరకం జీపుల్లో పొడి రోడ్డు మీద నాలుగు చక్రాల గేరు వేసి నడపకూడదు.

కాగితం నిండాక తమ్ముడు కలం పక్కన పెట్టాడు. మరదలు కాగితం తీసుకొని చివర ఒక్క మాట రాసింది: 'రోజూ నడిపేది నేను.' తమ్ముడు దానిని చాలాసేపు చూశాడు. "ఈ మాట మొదటి వరుసలో ఉండవలసింది" అన్నాడు. నిజమే. అంతవరకు మేమిద్దరం అన్నదమ్ములం బండిని గురించి మాట్లాడుతున్నాం. ఆమె ఉదయం ఏడు గంటలను గురించి మాట్లాడుతోంది.

ఇంటికి వచ్చిన బండి

ఆశ వదలుకోవడం తమ్ముడికి సులభం కాలేదు. రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. తరువాత తానే వెదకడం మొదలుపెట్టాడు. చివరికి కామ్‌లూప్స్‌లోనే 2008లో తయారైన టొయోటా ఫోర్ రన్నర్ ఒకటి దొరికింది. అదీ పాతదే, పదిహేనేళ్ళది. అదీ జపానులోని తహారా అనే చోట తయారై ఓడలో వచ్చినదే. కాని మొదటినుంచి కెనడా రోడ్డు కోసం తయారై వచ్చింది. స్టీరింగు ఎడమపక్కన. వెనుక సీటుకు రెండుపక్కలా తలుపులు. పిల్లల సీటుకు కొక్కేలు. జారినప్పుడు బండిని నిలకడగా పట్టే స్టెబిలిటీ కంట్రోల్ కూడా ఉంది. విడిభాగాలు ఊళ్ళోనే దొరుకుతాయి.

దీనికీ లోపాలు లేకపోలేదు. నాలుగు లీటర్ల పెట్రోలు ఇంజను. లీటరుకు ఏడెనిమిది కిలోమీటర్లకంటె ఎక్కువ రాదు. ఆ ఖర్చు తట్టుకోవడానికి నెలకు రెండుసార్లు బయట భోజనం మానుకుంటామని మరదలు లెక్క చెప్పింది. అమ్మేవారికి సంబంధం లేని మెకానిక్కు దగ్గర డబ్బు కట్టి ఎత్తించి చూపించాం. చాసిస్ మీద పైపైన తుప్పు ఉన్నది గాని లోపలికి దిగలేదన్నాడు. వెనుక బ్రేకు గొట్టం ఒకటి మార్చాలన్నాడు. ఆ మేరకు ధర తగ్గింది. మిగిలిన డబ్బుతో మొదట కొన్నది నాలుగు చలికాలపు టైర్లు.

నేను బయలుదేరే ముందురోజు మరదలు బండిని ఇంటి వాలు మీదికి ఎక్కించి దింపి చూపించింది. బడి ముందు కుడి అంచుకు ఆపి, కుడివైపు తలుపు తీసింది. పిల్లలు నడకబాట మీదికి దిగారు. ఈసారి నేను తలుపు ముట్టుకోలేదు. చేతులు జేబులో పెట్టుకొని నిలబడ్డాను.

డిసెంబరులో తమ్ముడు ఫోను చేశాడు. మంచు పడిందట. వాలు మీద ఎదుటి ఇంటివారి కారు నిలిచిపోతే, మరదలు బండి నెమ్మదిగా పక్కనుంచి ఎక్కి ఇల్లు చేరిందట. "డెలికా మీద ఆశ పోయిందా?" అని అడిగాను. "పోలేదు అన్నయ్యా. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, ఎండాకాలంలో సరస్సులకు వెళ్ళడానికి కొంటాను. దానికి తగిన పని అది" అన్నాడు. ఆ మాటలో తెలివి ఉంది. చెడ్డ బండి అని దానిని తిట్టలేదు. తన ఇంటి పనికి అది తగినది కాదని తెలుసుకున్నాడు.

మన ఊళ్ళకు

చదువరులారా, మీలో కెనడా వెళ్ళి జపాను బండి కొనేవారు ఎందరుంటారు? కాని పాత బొలేరో, పాత ఆటో, పాత ట్రాక్టరు కొనని పల్లె కుటుంబం తక్కువ. అప్పుచేసి, పుస్తెలు తాకట్టు పెట్టి కొన్న బండి ఇంటిని నిలబెట్టనూ వచ్చు, ముంచనూ వచ్చు. కొనబోయేముందు కొలిమి దగ్గరో, టీకొట్టు దగ్గరో పదిమంది మగవారు చేరి ఇంజను గురించి మాట్లాడతారు. రోజూ అందులో ఎక్కి దిగేవారిని ఎవరూ అడగరు. ముసలితల్లి మెట్టు ఎక్కగలదా? పిల్లలు ఏ వైపు దిగుతారు? బండి నాలుగు రోజులు ఆగిపోతే ఇల్లు ఎలా గడుస్తుంది? ధర అడగకముందే ఈ ప్రశ్నలు అడగాలి. వాటికి జవాబు చెప్పవలసింది ఇంటి ఆడవారు, పిల్లలు.

నేను ఇల్లు చేరిన మరునాడు మా వీధిలో బడి ఆటో ఆగింది. ఆటోకు కుడిపక్కన అడ్డంగా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది, మీరూ చూసే ఉంటారు. ఇన్నేళ్ళూ అది ఎందుకుందో నేను ఆలోచించలేదు. పిల్లలు నడిరోడ్డు వైపు దిగకుండా ఎవరో ఆలోచించి పెట్టిన కడ్డీ అది. పిల్లలు ఒక్కొక్కరే ఎడమవైపునుంచి దిగి ఇళ్ళకు పరుగెత్తారు. కడ్డీ వదులుగా ఉందేమోనని ఒకసారి చేత్తో ఊపి చూశాను. గట్టిగానే ఉంది.